వంతుకో చెంచా, తలకో డబ్బా

నమోదు 1

ఈ రోజు నుంచి మా బిలం కాళ్లతో ఊపిరి పీలుస్తుంది.

దుమ్ము వచ్చేసింది. పొద్దున పైనున్న సోలార్ పలకలు సగం కరెంటు ఇచ్చాయి, మధ్యాహ్నానికి అదీ లేదు. సాయంత్రం తొక్కుడుశాల తాళం తీసి, వరుసగా నిలబెట్టిన పెడలు బండ్ల మీది గుడ్డలు దులిపారు. వాటిని తొక్కితేనే గాలి పంకాలు తిరుగుతాయి. పంకాలు తిరిగితేనే ఈ ఎర్ర గ్రహపు నేల కింద ఉన్న అరవై మందిమీ బతుకుతాం.

తలకు ఒక వంతు తొక్కాలి. చదువుకునే పిల్లలకు మినహాయింపు ఉంది. కాకపోతే వాళ్ల వంతు ఇంట్లో ఇంకెవరైనా తొక్కాలి. దాన్ని మినహాయింపు అని ఎందుకు అంటారో నాకు అర్థం కాదు. నా వంతు మా కుళ్లాయక్క తొక్కుతుంది. అమ్మ పోయినప్పటి నుంచి నేను తిన్న ప్రతి ముద్దా అక్క కాళ్లలోంచి వచ్చిందే.

ఈసారి నాకూ ఒక పని దొరికింది. క్షేమ విభాగం పద్మనాభం సార్ పిలిచి, "నీకు మాటలంటే ఇష్టమట కదా అమ్మాయ్. పొడి జాగ్రత్తలు రాసి గోడకు అంటించు. షిఫ్టు మారినప్పుడల్లా అందరికీ చదివి వినిపించు. ఇక నువ్వు ఈ బిలానికి చదువరివి" అన్నారు. చదువరి! ఆ మాటను బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని ఇంటిదాకా చప్పరిస్తూ వచ్చాను. పైగా చదువరికి గొంతు నీళ్లని అర డబ్బా అదనం.

పొడి అంటే తొక్కేవాళ్లకు ఇచ్చే క్రియాటిన్. తెల్లగా, రుచీ వాసనా లేకుండా ఉంటుంది. మన ఒళ్లే దాన్ని కొంచెం తయారు చేసుకుంటుంది. పైనుంచి ఇంకొంచెం వేస్తే కండ త్వరగా అలసిపోదు. బిలం గ్రంథాలయంలో ఉన్నదంతా చదివి ఇలా రాశాను:

రోజుకు ఒక చెంచా చాలు. రెండు తింటే రెండింతల బలం రాదు. కండలు నీళ్లను పట్టుకుంటాయి కనుక మొదటి వారం బరువు పెరుగుతుంది, కంగారు పడవద్దు. నీళ్లు బాగా తాగండి. నొప్పి బిళ్లలు ఇష్టం వచ్చినట్టు మింగవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఎప్పుడైనా రాయి పడినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడవద్దు.

అక్కకు వినిపించాను. గిన్నెలు పొడిగుడ్డతో తుడుస్తూ వింది.

"డాక్టర్ని అడగాల్నా? యాడుండాడు మే డాక్టరు? పెద్దబిలంలో గదా. నడమ దుమ్ము. ఈడినుంచి అరిస్తే వినపడతాదా?"

"దుమ్ము తగ్గినాక రేడియోలో అడగచ్చు."

"దుమ్ము తగ్గితే ఇంగ పొడి ఏంటికే, తిక్కదానా?"

"నీకు చిన్నప్పుడు రాయి పడింది కదక్కా."

"పడె, పాయె. అదేమన్నా చుట్టమా, మళ్లమళ్ల వచ్చేకి?"

ఈ నేల మీద ఒంటికి బరువు తక్కువ. మొయ్యాల్సిన పని లేని ఎముకలు తమలోని సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, వదిలేస్తాయి, అది కిడ్నీల్లో చేరి రాయి కడుతుంది. రాయి పడినవాళ్లంతా పొడి మానేస్తే తొక్కుడుశాల సగం ఖాళీ. అందుకే నర్సు ఖాజాబీ రాళ్ల సంగతి అడిగిందే గానీ ఎవరినీ ఆపలేదు.

నమోదు 2

స్టోరు కిటికీ దగ్గర ఒక విషయం గమనించాను. పొడి వంతును బట్టి ఇస్తారు. నీళ్లు తలను బట్టి ఇస్తారు. వంతుకో చెంచా, తలకు రెండు డబ్బాలు.

సార్‌ని అడిగితే నవ్వారు. "పొడి పనికి, నీళ్లు ప్రాణానికి. పని అందరిదీ ఒకటి కాదు, ప్రాణం అందరిదీ ఒకటే. మన పెద్దలు పెట్టిన నియమం."

ఎంత న్యాయంగా వినిపించిందో. ఆ వాక్యాన్ని రాసి పెట్టుకున్నాను. రాసి పెట్టుకున్న తర్వాత గాని లెక్క అందలేదు. అక్క తొక్కేది రెండు వంతులు, కాబట్టి రెండు చెంచాలు. కానీ అక్కకు తల ఒకటే.

"ఒక చెంచా వదిలెయ్యక్కా. నేను రాసింది విన్నావు కదా."

"ఇద్దరి పని చేసేదాన్ని ఇద్దరి తిండి తినద్దా? ఎద్దుకు కూడా అరక దున్నే నాడు ఇంత ఎక్కువ పెడతారంట."

"ఇది తిండి కాదు."

"నోట్లో ఏసుకునేదంతా తిండే. నువ్వు మాటలు తింటావు, నేను పొడి తింటా. గమ్మున పండుకో."

ఎద్దును మేమిద్దరం బొమ్మలోనే చూశాం. అయినా అక్క మాట గెలిచింది. అక్క మాటలు ఎప్పుడూ నా మాటల కన్నా ముందు పరుగెత్తుతాయి.

నమోదు 3

ఈ రోజు పంకాలు నెమ్మదించాయి. భయం వల్ల.

ఖాజాబీ అందరి రక్తం పరీక్ష చేసింది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, క్రియాటినిన్ అంటారు. అది పొడి తినే అందరికీ పెరిగింది. మాట గాలి కన్నా ముందు పాకింది. అక్క పక్క సీటులో తొక్కే ఓబన్న తన చెంచా పొడిని అందరి ముందూ నేల మీద కొట్టాడు.

"కిడ్నీలు కుళ్లిపోతాండాయి రా నాయనా! గాలి కోసరం తొక్కి మూత్రానికి సచ్చేదా?"

వెనక వరుసలోవాళ్లు కాళ్లు తీసేశారు. తలమీద పంకా రెక్కలు లెక్కపెట్టగలిగేంత నిదానంగా తిరిగాయి. గాలి బరువెక్కింది. పసిపిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

సార్ నా వైపు చూశారు. నేను గ్రంథాలయానికి పరుగెత్తాను.

దొరికింది! కండలో పనిచేసిన క్రియాటిన్ చివరికి క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. పొడి ఎక్కువ పోస్తే ఆ చెత్త కూడా కొంచెం ఎక్కువ వస్తుంది. చెత్త పెరిగిందంటే ఊడ్చేవాడు పడుకున్నాడని కాదు, ఇంట్లో వంట ఎక్కువైందని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అంకె కొద్దిగా పెరిగినా కిడ్నీలు బాగానే ఉండవచ్చు.

రెండు వాక్యాలు రాశాను.

పొడి తినేవాళ్లకు అంకె పెరగడం మామూలే, అది పొడి నీడ, జబ్బు కాదు.

అయితే నీడో జబ్బో తేలాలంటే పొడి కొన్ని వారాలు ఆపి మళ్లీ చూడాలి, అంకె బాగా ఎక్కువగా పెరిగినా, మూత్రం తగ్గినా, రంగు మారినా, కాళ్లు ఉబ్బినా వెంటనే ఆపి తీరాలి.

సార్ మొదటి వాక్యం దగ్గర తల ఊపారు. రెండో వాక్యాన్ని గోటితో గీశారు.

"ఇది తీసెయ్."

"అది కూడా నిజమే సార్."

"నిజమే. కానీ ఆపమంటే అందరూ ఆపుతారు. పైన వినిపిస్తోందా, పంకా? దుమ్ము పోయాక పెట్టుకుందాం. ప్రకటన పొట్టిగా ఉండాలమ్మాయ్, నోటికి ఎక్కాలి."

నేను ఒప్పుకున్నాను. భయపడి ఒప్పుకున్నానని రాస్తే గౌరవంగా ఉంటుంది గానీ, భయం కాదు. మొదటి వాక్యం ఒంటరిగానే బాగుంది. రెండోది తుమ్మకంపలా ఉంది, ఎటు పట్టుకున్నా గుచ్చుకుంటుంది.

సాయంత్రం షిఫ్టులో చదివాను. ఓబన్న నేలమీది పొడిని గోకి నాకాడు. కాళ్లు మళ్లీ పెడళ్ల మీదికి వచ్చాయి. పంకా రెక్కలు కలిసిపోయి మళ్లీ ఒక గుండ్రటి మబ్బు అయ్యాయి.

నమోదు 4

నా మాట బిలమంతా తిరుగుతోంది. పప్పు మాడితే పొడి నీడ. నిద్ర పట్టకపోతే పొడి నీడ. ఓబన్న బట్టతలను కూడా పొడి నీడ అంటున్నారు. చంటిదాన్ని జోకొడుతూ ఒకామె "నీడేలే నాయనా, నీడేలే" అనడం విన్నాను.

నేను కట్టిన మాట నా పేరు లేకుండానే జనం నోట్లో బతుకుతోంది. ఇంతకన్నా ఏం కావాలి ఎవరికైనా? ఈ రోజు తల కొంచెం పైకెత్తి నడిచాను. అక్క చూసింది.

"చూసుకోని నడువు మే, పైన రాయి తగులుతాది."

నమోదు 5

నీళ్లు తగ్గించారు. మురికినీళ్లు శుభ్రం చేసే యంత్రానికి కరెంటు చాలడం లేదు. తొక్కి తొక్కి దానికి కూడా పోస్తే పంకాలకు మిగలదు. ఇక తలకు ఒకటే డబ్బా. పొడి మాత్రం వంతుకో చెంచా, మామూలే. పొడి గిడ్డంగి నిండుగా ఉంది. పొడికి కరెంటు అక్కర్లేదు.

ఆ ప్రకటన కూడా నేనే చదివాను. చదివి, అలవాటు ప్రకారం జాగ్రత్తల కాగితం వైపు తిరిగాను. నీళ్లు బాగా తాగండి అన్న చోట నా గొంతు ఆగింది.

"ఆపినావేం మే, చదువు," అన్నాడు ఓబన్న. "ఏ నీళ్లు తాగాల్న? గోడ మీద రాసిండేవా?"

అందరూ నవ్వారు. వాళ్ల పెదవులు పగిలి ఉన్నాయి, నవ్వితే నొప్పి పుట్టి మళ్లీ మూసుకున్నారు. తొక్కుడుశాల వేడి ఎలా ఉంటుందో రాయడానికి నాకింకా మాటలు చాలవు. అంతమంది ఒళ్ల వేడి బయటికి పోయే దారి లేక రాతి గోడల మధ్యనే తిరుగుతుంది. చెమట తుడిచిన తువ్వాళ్లను కూడా తొట్టిలో వేసి పిండుతారు. ఆ పిండిన నీళ్లు కూడా తలకు సమానంగానే పంచుతారు, ఎవరి చెమట ఎంతైనా.

నా గొంతు నీళ్లు అక్కకు ఇవ్వబోయాను. డబ్బాను తిరిగి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తాగు."

"నేను కూర్చుని ఉండేదాన్నే కదక్కా."

"నీ గొంతు ఎండితే రేపు నిన్ను తీసేసి ఇంగొకర్ని పెడతారు. పెడితే, ఊరికే ఉండావని నిన్ను గూడా నా పక్కన తొక్కమంటారు. అప్పుడు నేను తొక్కిందంతా ఏంటికి తొక్కినట్టు?"

తాగాను. అక్క చూస్తుండగా, చివరి చుక్కదాకా.

నమోదు 6

అక్క కాళ్లకు తిమ్మిర్లు వస్తున్నాయి. పిక్కలు రాయిలా గట్టిపడతాయి. షిఫ్టు అయ్యాక దిగలేక సీటు మీదే కాసేపు కూర్చుంటుంది. ఈ రోజు ఏదో మింగుతుంటే చెయ్యి పట్టుకున్నాను. నొప్పి బిళ్లలు. ఓబన్న దగ్గర ఒక రోజు పొడికి మారుగా తీసుకుందట.

"ఇవి వద్దని రాశాను కదక్కా!"

"రాసినావు. రాసినంత సులభంగా నొప్పి పోతే బిళ్లలేంటికి?"

"మూత్రం ఎట్లుంది?"

అక్క నవ్వింది. "ఇంతకాలం చదువుకోని ఇదా మే నువ్వు అడిగేది? పానకం మాదిరి వస్తాంది. వచ్చిందే రోంత. పోయే నీళ్లుంటే గదా పోయేకి."

మడమల దగ్గర వేలితో నొక్కాను. గుంట పడింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

నేను రాసి, తీసేసిన వాక్యంలోని మాటలన్నీ మా ఇంట్లోకి వచ్చి కూర్చున్నాయి. రంగు, వాపు, తగ్గడం.

నమోదు 7

రెండో రక్తపరీక్ష. అందరికీ అంకె కొంచెం పెరిగే ఉంది. అక్కకు మాత్రం అందరి కన్నా మూడింతలు. ఖాజాబీ ఆ చీటీని నాకు చూపించలేదు, నేనే లాక్కుని చూశాను.

"ఇది నీడ కాదు ఖాజాబక్కా. ఇంత ఉండదు నీడ."

"ఎంతుంటాది అమ్మీ?" ఖాజాబీ నిజంగానే అడిగింది. "పెరుగుతాదని రాసినావు. ఎంతవరకు నీడ, ఎక్కడినుంచి జబ్బు అని రాసినావా? నేను నర్సును. కట్టు కట్టేది, సూది పొడిచేది నా పని. నువ్వు గోడ మీద పెట్టిందే నేనూ నమ్మినా."

సార్ దగ్గరికి వెళ్లాను. రెండో వాక్యం మళ్లీ పెట్టనివ్వమని అడిగాను. అక్కకు వెంటనే పొడి మాన్పించాలని, తొక్కుడు మాన్పించాలని, నీళ్లు ఇవ్వాలని అడిగాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"మీ అక్క రెండు వంతులమ్మా. ఆమె దిగితే నువ్వెక్కుతావా?"

"ఎక్కుతాను."

"నువ్వు తొక్కేది అర వంతు. తక్కినది? ఒక్కరికి నీళ్లు పెంచితే పక్కవాడు అడగడా? అతనికేం చెప్పను? నువ్వు రాసింది చదివేస్తే నీ పని అయిపోతుంది. నేను అరవై మంది ఊపిరి లెక్క చూడాలి. పలకల వాళ్లు దుమ్ము పలచబడుతోందంటున్నారు. కొద్ది రోజులు ఓర్చుకో."

ఓర్చుకోవాల్సింది నేను కాదు. ఆ మాట బయటికి వచ్చాక తట్టింది. ఎప్పుడూ అంతే, మంచి మాట తలుపు మూసుకున్నాకే వస్తుంది.

నమోదు 8

ఎవరినీ అడగకుండా చదివేశాను.

షిఫ్టు మారే వేళ అందరూ ఉన్నారు. బల్ల మీదికెక్కి రెండో వాక్యం మొత్తం చదివాను, వెనక వరుసకు కూడా వినపడేలా. నీడో జబ్బో తేలాలంటే పొడి ఆపి చూడాలి. వాపు ఉంటే ఆపాలి. మూత్రం రంగు మారితే ఆపాలి. ఇది ముందే రాశానని, తీసేశారని కూడా చెప్పాను.

వెనకనుంచి ఎవరో అన్నారు: "నీడేలేమ్మా!"

నవ్వు. దానిమీద ఇంకొక నవ్వు. నేను ఇంకోసారి చదవబోతే అందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు, పెడళ్ల తాళానికి సరిపోయేలా: పొడి నీడ, జబ్బు కాదు. పొడి నీడ, జబ్బు కాదు. ఎంత బాగా నోటికెక్కిందో. నా రెండో వాక్యానికి ఆ తాళంలో చోటే లేదు.

ఓబన్న మాత్రం నవ్వలేదు. "నాకు తెలుసులే ఈ యవ్వారం. వాళ్లక్కకు వంతు తప్పించల్లని ఈ యమ్మి ఎత్తులు. మొన్న నీడ అనె, ఈ పొద్దు జబ్బు అనె. రేపు ఇంగేం అంటాదో! మా ఇంట్లో గూడా ముసలోళ్లుండారు, వాళ్ల వంతు నేను తొక్కలే?"

అందరూ అక్క వైపు చూశారు. అక్క ముఖం నల్లబడింది. వాచిన పాదాలను పట్టీల్లోకి దూర్చి, పట్టీలు బిగించింది.

"నా వంతులు నేను ఎప్పుడూ తప్పించుకోలే, ఓబన్నా," అంది. "నీకు చాతగాకపోతే చెప్పు, నీది గూడా తొక్కుతా."

ఈలలు వేశారు. అక్క అందరి కన్నా వేగంగా తొక్కింది. నేను బల్ల దిగి దగ్గరికి వెళితే నా వైపు చూడకుండా, పళ్ల మధ్యనుంచి అంది:

"నలుగురిలో నా మానం తీస్తివి గదే. నిన్ను చదివిచ్చింది ఇందుకేనా?"

"నువ్వు చచ్చిపోతావక్కా."

"పో. పోయి కాగితం రాసుకో పో."

నమోదు 9

అక్క పడిపోయింది.

షిఫ్టు మధ్యలో. పట్టీలు కట్టి ఉన్నాయి కాబట్టి కింద పడలేదు, ముందుకు వంగిపోయింది. కాళ్లు మాత్రం ఇంకొన్ని చుట్లు తిరిగాయి, పెడళ్లు తిప్పుతుంటే. అంతసేపూ అక్క తొక్కుతోందనే అనుకున్నారు అందరూ. నేనూ అనుకున్నాను.

ముఖమంతా ఉబ్బింది. ఖాజాబీ పేరు పెట్టి పిలిస్తే మమ్మల్ని కాదు, అమ్మను పిలిచింది. నలుగురు మోసుకుపోయారు. నేను వెంట పోబోతే సార్ నా భుజం పట్టుకుని ఖాళీ సీటు చూపించారు. అక్క బండి ఆగి పంకా చప్పుడు అప్పుడే మారింది.

ఎక్కాను. సీటు ఇంకా వెచ్చగా, తడిగా ఉంది. పట్టీలు నా కాళ్లకు వదులయ్యాయి. పక్క సీటులో ఓబన్న ఒంగి వాటిని బిగించాడు. నేను అరవంతు కూడా తొక్కలేకపోయాను. మిగతాది ఓబన్న తొక్కాడు, షిఫ్టు అయ్యేదాకా.

నమోదు 10

దుమ్ము తగ్గింది. ఎవరో కడిగినట్టు పలకలు ఒక్కసారిగా మెరిశాయంటారు. నేను చూడలేదు. అక్కతో పాటు బండిలో పెద్దబిలం ఆస్పత్రికి వచ్చేశాను.

డాక్టరు ఓపిక ఉన్న మనిషి. నేను రాసిన జాగ్రత్తలన్నీ ఒప్పచెప్పాను, తీసేసిన వాక్యంతో సహా. విని, నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వు రాసిందాంట్లో తప్పేమీ లేదమ్మా. ఆరోగ్యంగా ఉన్న మనిషి, రోజుకో చెంచా, దాహం తీరా నీళ్లు, ఇంతవరకైతే పొడి వల్ల సాధారణంగా ఏమీ కాదు. మీ అక్కకు పాత రాయి వల్ల ఒక కిడ్నీ ముందే దెబ్బతిని ఉంది, ఆమెకే తెలియదు. దాని మీద వేడి, ఒంట్లో నీళ్లు లేకపోవడం, కండ చితికిపోయేంత తొక్కుడు, నొప్పి బిళ్లలు, రెండో చెంచా. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను. ఆ రెండో పరీక్ష రోజున ఆపి నీళ్లు ఎక్కించి ఉంటే, కిడ్నీలు బహుశా నిలబడేవి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేవు."

తర్వాత పద్మనాభం సార్ నివేదిక పంపారు, ఆస్పత్రి కాగితాలకు జతపరచడానికి. మోతాదు మించి వాడినందువల్ల, నొప్పి బిళ్లలు మింగినందువల్ల అని రాశారు. నీళ్ల ప్రస్తావన లేదు. రేడియోలో అడిగాను. ఆ రెండో చెంచా స్టోరు కిటికీలోంచి ఎవరిచ్చారు సార్, అని.

"ఎవరూ ఆమె నోట్లో పోయలేదు కదమ్మా," అన్నారు. కాసేపు గరగర. తర్వాత, "గాలి ఆగలేదు సువర్ణా. పిల్లలతో సహా అందరూ ఉన్నారు. అది కూడా రాసుకో."

రాసుకున్నాను. అదీ నిజమే. నిజాలన్నీ సగం సగమే ఉంటాయని ఇంతకు ముందు నాకు తెలియదు.

కొత్త జాగ్రత్తల ప్రకటన నన్నే రాయమన్నారు. ఉదాహరణకు అక్క పేరు పెట్టమన్నారు, జనానికి గట్టిగా తగులుతుందట. పేరు పెట్టలేదు. పొడి తలకే ఇవ్వాలని, నీళ్లు తొక్కినదాన్ని బట్టి ఇవ్వాలని, అంకె మూడింతలైతే ఎవరి మాటా వినకుండా దించాలని, అన్నీ కుక్కి ఒకే పొడుగాటి వాక్యం రాసి పంపాను. అందంగా లేదు. గోడకు అంటించారని విన్నాను. ఎవరి నోటికీ ఎక్కలేదనీ విన్నాను.

నమోదు 11

వారానికి మూడుసార్లు అక్కను యంత్రం పక్కన పడుకోబెడతారు. చేతిలోంచి రక్తం గొట్టంలోకి వెళ్లి, కడిగించుకుని తిరిగి వస్తుంది. ఆ కడగడానికి నీళ్లు కావాలి. మామూలుగా కాదు, ఒక్కసారికి పెద్ద పీపా నిండుగా, మేము తాగిన నీళ్ల కన్నా శుభ్రమైనవి. రోజుకు ఇంకో డబ్బా నీళ్లు ఇవ్వలేని లోకం, ఇప్పుడు అక్క కోసం పీపాలు దొర్లిస్తోంది. అడగకుండానే. సంతకం కూడా పెట్టించుకోకుండా.

అక్క తాగడానికి మాత్రం రోజుకు రెండు గ్లాసులు. కిడ్నీలు లేని ఒంట్లో నీళ్లు పోయే దారి లేదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి వస్తాయట. దుమ్ము పోయింది, మంచు గనుల నుంచి నీళ్లు వస్తున్నాయి, నడవాలో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఎవరూ పట్టించుకోరు. అక్క ఆ చప్పుడు వింటూ పడుకుంటుంది.

ఈ రోజు యంత్రం సగంలో ఉండగా అంది:

"సువర్ణా, ఆ పీపాలోవి మంచినీళ్లేనా?"

"మంచినీళ్లే."

"అన్నీ ఆ యంత్రమే తాగుతాదా?"

"అవునక్కా."

"దాని వంతు ఎవురు తొక్కుతాండారో," అని నవ్వింది. నవ్వితే పెదవి పగిలింది. నాలుకతో తడుపుకోబోయింది. నాలుకా పొడిగానే ఉంది.

గ్లాసులో అడుగున మిగిలినవి పట్టాను. ఒక్క గుక్కలో తాగి, గ్లాసును తలకిందులు చేసి, అడుగు చూసి, నాకు తిరిగిచ్చింది. ఈ రోజు రెండో గ్లాసు అదే.

"ఇంగొక్క గుక్క పొయ్యి మే."

పక్కన యంత్రం గుటగుటమని నీళ్లు లాగుతోంది. నడవాలో కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది. డాక్టరు లేడు, నర్సు లేదు. నేను తప్ప చూసేవాళ్లు లేరు. అక్క నా ముఖంలోకి చూస్తోంది, నేను పుట్టినప్పటి నుంచి ఏదీ అడగని మనిషి.

"పొయ్యి మే. గొంతు మండుతాంది."

"లేదక్కా," అన్నాను.